పెల్టన్‌లో పేదరిక నిర్మూలన

పెల్టన్ ఊరి నుంచి పేదరికాన్ని ఏడాది తిరిగేలోగా సమూలంగా తుడిచిపెడతానని ఆనరబుల్ ఎల్కానా విప్పుల్ గారు మార్చి నెల ఊరి మీటింగులో ప్రకటించారు. ప్రార్థన మందిరం కిటికీలు అదిరేలా చప్పట్లు మోగాయి. చర్చి పెద్ద డీకన్ హోయ్ట్ గారు చేతిరుమాలు తీసి కళ్లు ఒత్తుకున్నారు. తలుపు పక్కన చివరి బల్ల మీద కూర్చుని మేజోడు అల్లుకుంటున్న జెరూషా పెక్ కూడా సూదులు ఒళ్లో పెట్టి, మర్యాదగా చప్పట్లు కొట్టింది. అప్పుడు అందరూ వెనక్కి తిరిగి ఆమెను చూశారు. పెల్టన్‌లో పేదరికం అంటూ ఉన్నది ఆమె ఒక్కతే.

వెర్మాంట్ రాష్ట్రంలో చాలా ఊళ్లకు ఇంతటి సౌకర్యం లేదు. అక్కడ పేదరికం చెల్లాచెదురుగా ఉంటుంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక నాయకులు తికమకపడతారు. పెల్టన్‌లో అదంతా ఒకేచోట, ఒకే శాలువా కప్పుకుని కూర్చుని ఉండేది.

జెరూషా పుట్టుపేద కాదు. వాగు అవతల గుడిసెలో మగ్గం పెట్టుకుని ఊరందరికీ దుప్పట్లు నేసేది. భర్త ఏసా, తాను నరుకుతున్న మేపుల్ చెట్టు కిందే నలిగి చనిపోయాడు. ఆ తర్వాత ఒక చలికాలం ఆమె మంచుగడ్డ మీద జారింది. విరిగిన కాలు వంకరగా అతుక్కుంది. మగ్గం తొక్కలేని మనిషిని ఊరే పోషించాలి. అందుకు ఊరికి ఒక పద్ధతి ఉంది. ఏటా మార్చి మీటింగులో, దారుల మరమ్మతు సంగతీ తప్పిపోయిన పశువుల సంగతీ తేలిన తర్వాత, జెరూషాను వేలానికి పెట్టేవారు. మామూలు వేలంలో ఎక్కువ పాడినవాడిది పాట. ఇక్కడ, ఈవిణ్ణి ఏడాదిపాటు పోషించడానికి ఊరు నాకింతిస్తే చాలని ఎవరు అందరికంటే తక్కువ అడిగితే వాళ్లది. ఆమె మూట సర్దుకుని ఆ ఇంటికి వెళ్లాలి.

అందువల్ల ఊళ్లో వంటిళ్లన్నీ ఆమెకు తెలుసు. ఎవరి పొయ్యి పొగ చిమ్ముతుందో తెలుసు. చిక్కుడు గింజల్లో పంది మాంసం ముక్క వేసి ఉడికించి, అందరికీ వడ్డించాక అదే ముక్కను మర్నాటి కుండకోసం తీసి దాచేది ఎవరో కూడా తెలుసు. ఎవరి మీదా ఆమెకు కోపం లేదు. ఆమె కోరిక ఒక్కటే. పోయేలోగా ఒకే పొయ్యి పక్కన వరసగా రెండు చలికాలాలు గడపాలి. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. ఊరి ఖర్చు మీద బతికే మనిషికి కోరికలు కూడా ఉన్నాయని తెలిస్తే ఎవరూ తక్కువకు పాడరు.

విప్పుల్ గారి ప్రజాజీవితం పందులతో మొదలైంది. కొత్తగా పెళ్లయినవాణ్ని పందుల అధికారిగా ఎన్నుకుని నవ్వుకోవడం ఆ ప్రాంతాల్లో రివాజు. ఊరి మీద పడి తిరిగే పందులను పట్టి బందెలదొడ్డిలో పెట్టడం ఆ అధికారి పని. ఎన్నికైనవాడు సిగ్గుపడి, అందరికీ తలా ఒక గ్లాసు ఆపిల్ సైడరు పోయించి, ఆ సంగతి మరిచిపోతాడు. విప్పుల్ గారు మాత్రం లేచి నిలబడి, గుండె మీద చెయ్యి వేసుకుని, తనను నమ్మిన ప్రజలకు కృతజ్ఞతలు చెప్పుకున్నారు. స్వేచ్ఛకూ విచ్చలవిడితనానికీ తేడా ఏమిటో పందులను ఉదాహరణగా తీసుకుని వివరించారు. ఆ ఏడాది ఒక్క పందీ దొడ్లో పడలేదు గాని, అలాంటి ఉపన్యాసం తాము విననేలేదని జనం ఒప్పుకున్నారు. మరుసటేడు ఆయన్ను కానిస్టేబుల్‌ని చేశారు.

కానిస్టేబుల్ పనుల్లో ముఖ్యమైనది, కొత్తగా వచ్చినవాళ్లను ఊరు విడిచి పొమ్మనడం. వాళ్ల గుమ్మం ముందు నిలబడి కాగితం చదవాలి. చదివాక వాళ్లు నిజంగా పోనక్కర్లేదు. ఎవరూ పోయేవారు కాదు కూడా. చాలామంది కానిస్టేబుల్‌ని లోపలికి పిలిచి ఏదో ఒకటి తినడానికి పెట్టేవారు. కాకపోతే, ఏడాది లోపల ఆ కాగితం చదివితే, రేపు వాళ్లు చితికిపోయినా పోషించాల్సింది వాళ్లు వచ్చిన ఊరు. చదవకపోతే ఈ ఊరు. అంతే తేడా.

ఏసా, జెరూషా పక్క ఊరు కోర్లీ నుంచి వచ్చి వాగు అవతల గుడిసె వేసుకున్నారు. కానిస్టేబుల్ విప్పుల్ గారు వాళ్లకు కాగితం చదవడానికి బయల్దేరిన రోజున కొండల మీద మంచు కరిగి వాగు పొంగుతోంది. ఆయన కాళ్లకు కొత్త బూట్లున్నాయి. అందుకని ఇవతలి గట్టు మీదే నిలబడి, కాగితం ఎత్తి పట్టుకుని, గొంతు చించుకుని చదివారు. అవతల గుమ్మంలో ఉన్న జెరూషాకు నీళ్ల హోరు తప్ప ఏమీ వినిపించలేదు. ఎవరో మనిషి నోరు తెరుస్తూ మూస్తూ, చేతిలో కాగితం ఊపుతూ కనిపించాడు. ఏసా టోపీ తీసి తనూ ఊపాడు.

"పలకరించడానికి ఇంతదూరం వచ్చాడు చూశావా," అన్నాడు పెళ్లాంతో. "మంచి ఊళ్లో పడ్డామే."

ఆ తర్వాత విప్పుల్ గారు ఊరి న్యాయాధికారి అయ్యారు, దాంతో అందరూ స్క్వైర్ గారని పిలవసాగారు. పిమ్మట మిలీషియా కెప్టెన్ అయ్యారు. ఏ యుద్ధానికీ వెళ్లకుండానే గాయపడిన సైనికుల గురించి గద్గదంగా మాట్లాడటం నేర్చారు. చివరికి శాసనసభ్యులై ఆనరబుల్ అయ్యారు. వెర్మాంట్‌లో ఊరు పెద్దదైనా చిన్నదైనా మాంట్‌పీలియర్‌లోని శాసనసభకు ఒక్కొక్క సభ్యుణ్ని పంపుతుంది. ఎన్నిక ఏటా సెప్టెంబరులో. కాబట్టి ఆనరబుల్ గారికి ఏటా ఒక ఆశయం అవసరమయ్యేది. ఆ ఏటి ఆశయం జెరూషా.

మొదటి పద్ధతి రవాణా. ఆనాడు వాగు గట్టున చదివిన కాగితం చెల్లుతుందనీ, కాబట్టి జెరూషా న్యాయంగా కోర్లీ మనిషనీ ఆనరబుల్ గారు తేల్చారు. అప్పటి కానిస్టేబుల్ జేబెజ్ టక్ మంచు మీద జారే ఎద్దుల స్లెడ్జి కట్టాడు.

"కంబళి సరిగ్గా కప్పుకో అత్తా," అన్నాడు జేబెజ్. "ఊళ్లోంచి గెంటేస్తున్నామే గాని, నీకు జలుబు చెయ్యకూడదు కదా."

"మీ ఆవిడకు నడుం నొప్పి తగ్గిందా?"

"ఎక్కడ తగ్గింది? నువ్వొచ్చి కట్టు కడతావేమో అడగమంది. సాయంత్రం వస్తావా?"

"నన్ను గెంటేస్తున్నారు కదరా."

"అదీ నిజమేలే." జేబెజ్ కాసేపు ఆలోచించాడు. "పోనీ, రేపు వస్తావుగా."

జేబెజ్ అన్నట్టే జరిగింది. కోర్లీ పెద్దలు ఆమెకు కడుపునిండా భోజనం పెట్టి, మర్నాడు తమ కానిస్టేబుల్ స్లెడ్జి మీద వెనక్కి పంపారు. జేబెజ్ మళ్లీ తీసుకెళ్లాడు. ఆ చలికాలమంతా ఇదే వరస. ఎద్దులకు దారి ఎంత అలవాటైందంటే, ఎవరూ తోలకపోయినా ఆమె ఎక్కి కూర్చోగానే కోర్లీ వైపు తిరిగేవి. ఆమె అటు వెళ్లిన ప్రతిసారీ, పెల్టన్‌లో పేదల సంఖ్య సున్నాకు చేరిందని ఆనరబుల్ గారు జిల్లా పత్రికకు రాసి పంపేవారు. ఆమె తిరిగొచ్చిన సంగతికి పత్రికలో చోటుండేది కాదు. జెరూషా మాత్రం ఆ ఏడాది ఏ పొయ్యి దగ్గరా కాళ్లు వెచ్చబెట్టుకున్నది లేదు. ఒక ఊళ్లో మేజోళ్లు విప్పేసరికి రెండో ఊరి బండి వాకిట్లో ఉండేది.

విసిగిపోయి కోర్లీ కోర్టుకెక్కింది. వాగు ఇవతల నిలబడి చదివితే చదివినట్టా, కాదా అన్నది ప్రశ్న. జడ్జి గారు జాగ్రత్తపరుడు. తన చెవులతో వింటే గాని తీర్పు చెప్పనన్నారు. ఆగస్టులో కోర్టు కోర్టంతా వాగు దగ్గరికి కదిలివచ్చింది. జడ్జి గారు గుడిసె గుమ్మంలో కుర్చీ వేయించుకున్నారు. ఆనరబుల్ గారు ఇవతలి గట్టు మీద నిలబడి పాత కాగితం చదివారు. వాగులో కప్ప మునిగేన్ని నీళ్లు కూడా లేవు. ప్రతి మాటా గంట కొట్టినట్టు వినిపించింది. పెల్టన్ జనం టోపీలు ఎగరేశారు. అప్పుడు కోర్లీ వకీలు లేచి, ఆనాడు వాగు పొంగి ఉందనీ, ఈనాడు లేదనీ మనవి చేశాడు. వాగు పొంగేదాకా కేసు వాయిదా పడింది.

ఏప్రిల్‌లో వాగు పొంగింది. జడ్జి గారు అదే కుర్చీలో కూర్చుని చెవి వెనక చెయ్యి దొప్పలా పెట్టుకున్నారు. ఎదుటి గట్టు మీద ఆనరబుల్ గారు చదివారు. మెడ నరాలు ఉబ్బాయి. మొహం బీట్‌రూట్ అయింది. గట్టు మీద పక్షులు లేచిపోయాయి. గుడిసె గుమ్మం దాకా వచ్చింది మాత్రం నీళ్ల హోరే.

"ఆ రోజు కూడా ఇలాగేనా?" అని జడ్జి గారు జెరూషాను అడిగారు.

"అచ్చం ఇలాగేనండీ," అంది జెరూషా. "బూట్లే, అప్పుడు కొత్తవి."

కేసు పోయింది. జెరూషా పెల్టన్ మనిషనీ, ఇకమీదట ఎక్కడున్నా పెల్టన్ మనిషేననీ, ఆమెను పోషించే భారం బతికున్నంతకాలం పెల్టన్‌దేననీ జడ్జి గారు తీర్పు రాశారు. ఆనరబుల్ గారు ప్రార్థన మందిరం మెట్ల మీద నిలబడి, ఇది పెల్టన్ సాధించిన నైతిక విజయమని చాటారు. పొంగుతున్న వాగుతో సమానంగా గొంతు కలిపిన శాసనసభ్యుడు రాష్ట్రంలో మరొకరు లేరని డీకన్ హోయ్ట్ గారు అందుకున్నారు. సెప్టెంబరులో ఆనరబుల్ గారికి అంతకు ముందుకంటే ఎక్కువ ఓట్లు వచ్చాయి.

రెండో పద్ధతి సరిహద్దు. మనిషిని ఊరు దాటించలేకపోతే, ఊరినే మనిషి మీది నుంచి దాటించాలని ఆనరబుల్ గారికి తోచింది. అక్టోబరులో మాంట్‌పీలియర్ వెళ్లి ఒక బిల్లు పెట్టారు. ఇకమీదట వాగే హద్దు. అవతల ఉన్న గుడిసె కోర్లీలో చేరుతుంది, గుడిసెతోబాటు పేదరికమూ పోతుంది. కోర్లీ సభ్యుడు ఊరికే ఒప్పుకోలేదు. పెల్టన్ పిండిమిల్లు కూడా మాకు కలిపితేనే అన్నాడు. కలిపారు. బిల్లు ఏకగ్రీవంగా గెలిచింది. గుడిసెనూ మిల్లునూ తీసుకున్న మర్నాడే కోర్లీ వాళ్లు జడ్జి గారి తీర్పును చూపించి, గుడిసెలో దించిన జెరూషాను స్లెడ్జి ఎక్కించి వెనక్కి పంపారు. వేసవిలో పోయి కాసేపు కూర్చోవడానికి ఆమెకు మిగిలిన గుడిసె కూడా పోయింది.

ఇంతలో మిల్లు యజమాని ఒక సంగతి కనిపెట్టాడు. కోర్లీలో పేదల పన్ను లేదు. అక్కడి కానిస్టేబుళ్లు పాత బూట్లతో తిరిగేవారు గనుక, అక్కడ ఊరు పోషించాల్సిన పేదలెవరూ లేరు. ఈ విషయం అతను ఆదివారం ప్రసంగం అయ్యాక ప్రార్థన మందిరం గుమ్మంలో నిలబడి, వచ్చేపోయే వాళ్లకు చెప్పాడు. ఎవరినీ ఊరించాలని కాదు, తన సంతోషం నలుగురితో పంచుకోవాలని.

ఆ చలికాలం జెరూషా డీకన్ హోయ్ట్ గారి వంటింట్లో ఉంది. పొయ్యి మంచిదే. పొయ్యి పక్క కుర్చీ మాత్రం డీకన్ గారిది. ఒక మధ్యాహ్నం ఆనరబుల్ గారు వచ్చి కూర్చున్నారు. పెద్దమనుషులు జెరూషా ముందు ఏదైనా మాట్లాడుకునేవారు. పిల్లి ముందు మాట్లాడుకోవడానికి ఎవరు సంకోచిస్తారు?

"నేను అడిగేదేమీ లేదు స్క్వైర్," అన్నారు డీకన్ గారు. "ఈ ఊరంటే నాకు ప్రాణం. కాకపోతే ఆ కొత్త హద్దు గీత మా గొడ్లచావిడి వెనక నుంచి పోతోంది. దాన్ని ఇంటిముందు నుంచి పోనిస్తే చూడ్డానికి బాగుంటుంది."

"అప్పుడు మీ ఇల్లు కోర్లీలో పడుతుంది డీకన్ గారూ."

"ఇల్లే కదా పడేది. మనసు పెల్టన్‌లోనే ఉంటుంది."

"మరి మీ ఓటు?"

"ఓటు పోతుంది," అని డీకన్ గారు ఒప్పుకున్నారు. "మీ గురించి నాలుగు మంచి మాటలు చెప్పడానికి ఓటెందుకండీ? గీత కదలకపోతే మాత్రం, ఓటు దగ్గరుండగానే నాలుగు చెడ్డ మాటలు చెప్పాల్సొస్తుందేమో."

ఆనరబుల్ గారు ప్రజల మాట విననివారు కాదు. వచ్చే సభలోనే చూస్తానన్నారు. ఆయన వెళ్లాక డీకన్ గారు జెరూషా వైపు జాలిగా చూశారు.

"వచ్చే చలికాలం కూడా ఇక్కడే ఉంచుకునేవాళ్లమే అత్తా," అన్నారు కుర్చీలోంచి లేవకుండానే. "ఏం చేస్తాం, మేం ఊరు మారుతున్నాం."

అప్పటి నుంచి ప్రతి అక్టోబరులో సరిహద్దు సవరణ బిల్లు ఒకటి వెళ్లేది. జెరూషా ఏ ఇంట్లో అడుగుపెడితే ఆ ఇంటివారికి కోర్లీ మీద ప్రేమ పుట్టేది. వాళ్లు పోతే మిగిలినవాళ్ల మీద పన్ను పెరిగేది. పన్ను పెరిగితే మిగిలినవాళ్లకూ ప్రేమ పుట్టేది. ఏ ఇల్లూ కదల్లేదు, ఏ గోడా కూలలేదు. గీత మాత్రం ఒక ఇంటిని చుట్టి, ఒక తోటను తప్పించి, ఒక బావి దగ్గర మెలికపడి పోయేది. సర్వేయరు గొలుసు పట్టుకుని రోజంతా తిరిగి, తాను బయల్దేరిన చోటు ఏ ఊళ్లో ఉందో తెలియక భోజనానికి కోర్లీ వాళ్లింటికే వెళ్లేవాడు. కమ్మరి కొలిమి పోయింది. బడి పోయింది. ఒక ఆదివారం పాస్టర్ గారు దేవుడు ఎక్కడైనా ఉంటాడని ప్రసంగించారు. మరుసటి ఆదివారానికి ప్రార్థన మందిరం కోర్లీలో ఉంది.

ఆనరబుల్ గారి ప్రతిష్ఠ ఏటేటా పెరిగింది. అడిగినవాళ్లకు అడిగింది ఇచ్చిన నాయకుడు రాష్ట్రంలో ఆయనొక్కరే. ఓట్లు తగ్గుతున్నకొద్దీ మెజారిటీ పెరిగింది. ఆయనంటే గిట్టనివాళ్లు అందరికంటే ముందు దాటిపోయారు గనుక, మునుపు ఎంతో కొంత వినిపించే వ్యతిరేకత కూడా క్రమంగా చల్లారింది. తానే గీత దాటుదామా అని ఆయనకు తోచకపోలేదు. కానీ కోర్లీకి సభ్యుడు ముందే ఉన్నాడు. పెల్టన్‌లో ఉన్నంతకాలమే ఆయన ఆనరబుల్.

చివరికి జేబెజ్ టక్ కూడా వచ్చాడు. కానిస్టేబుల్ కర్రను ఆనరబుల్ గారి వంటింటి గోడకు ఆనించి, జెరూషా మూటను గుమ్మంలో దించాడు. అప్పటిదాకా ఆమె ఉన్నది వాళ్లింట్లోనే.

"నాకు మాత్రం ఇష్టమా అత్తా?" అన్నాడు తల దించుకుని. "గీత మా పడగ్గది మధ్య నుంచి పోతోంది. మా ఆవిడ పడుకునే వైపు ఇప్పటికే కోర్లీలో ఉంది. ఎన్నాళ్లని చెరో ఊళ్లో పడుకుంటాం?"

"వెళ్లరా నాయనా," అంది జెరూషా. "ఆవిడ నడుం ఇటువైపు తిరగనివ్వదు."

అలా పెల్టన్‌లో ఇద్దరు మిగిలారు. భార్య పోయి చాలా ఏళ్లయిన ఆనరబుల్ గారు, జెరూషా. ఆ ఇంటి పొయ్యి పొగ చిమ్మదని ఆమె మొదటిరోజే గమనించింది. పొయ్యి పక్కన కుర్చీ ఉంది. ఆనరబుల్ గారు దేశం గురించి ఆలోచిస్తూ ముందుగదిలో తిరిగేవారు గనుక ఆ కుర్చీ ఎప్పుడూ ఖాళీగానే ఉండేది. చలికాలం గడిచింది. అలాంటి చలికాలం ఆమె అంతకుముందు ఎరగదు.

మళ్లీ మార్చి వచ్చింది. ఊరి మీటింగు ఆనరబుల్ గారి వంటింట్లో జరిగింది. ఆయన ముందుగదిలోంచి టోపీ పెట్టుకుని వచ్చి, టోపీ తీసి, సభ ప్రారంభమైందని ప్రకటించారు. అధ్యక్షుడిగా తననే ఎన్నుకున్నారు. గుమాస్తాగా, కానిస్టేబుల్‌గా, పందుల అధికారిగా కూడా ప్రజలు ఆయన్నే కోరారు. ప్రతి పదవికీ ఆయన లేచి కృతజ్ఞతలు చెప్పి కూర్చున్నారు. జెరూషా పొయ్యి మీది మొక్కజొన్న జావ కలుపుతూ వింది.

తర్వాత వేలం. ఊరి తరఫున అధ్యక్షులవారు బల్లకు ఒక పక్క నిలబడి, జెరూషా పెక్‌ను పోషించడానికి ఎవరు తక్కువకు పాడతారని అడిగారు. ఆయన బల్లకు రెండో పక్కకు వచ్చి ఒక పాట చెప్పారు. మళ్లీ మొదటి పక్కకు వెళ్లి, అంతైతే ఊరు భరించలేదని ఖండించారు. పాటగాడు ఆమె తిండి ఖర్చు ఏకరువు పెట్టాడు. అధ్యక్షుడు ఊరి దుస్థితిని కళ్లకు కట్టాడు. పాటగాడికి కోపం వచ్చింది. ప్రజాధనం కాపాడటం తన విధి అని అధ్యక్షుడు బల్ల గుద్దాడు. ఇద్దరూ పట్టు విడవలేదు.

"జావ చల్లారిపోతుందండీ," అంది జెరూషా చివరికి. "తిన్నాక మళ్లీ పోట్లాడుకోవచ్చు."

తిన్నాక ఆనరబుల్ గారికి మెరుగైన ఆలోచన వచ్చింది. కెనడా సరిహద్దు దగ్గర కొండల్లో ఒక రైతు ఉన్నాడు. గొర్రెల కొట్టం పక్కన గది ఉంది, దాదాపు ఏమీ ఇవ్వకపోయినా ముసలావిణ్ణి ఉంచుకుంటానని కబురుచేశాడు. గదికి పొయ్యి లేదు గాని గొర్రెల వేడి ఉంటుందట. ఆమెను అక్కడికి పంపాలని ఆనరబుల్ గారు సభలో తీర్మానం ప్రతిపాదించారు. ప్రతిపాదించి, బలపరిచేవారెవరని అడిగారు.

ఎవరూ బలపరచలేదు.

ఆనరబుల్ గారు మళ్లీ అడిగారు. కిటికీలోంచి బయటికి చూశారు. కంచె అవతల, కోర్లీలో, డీకన్ హోయ్ట్ గారు ఆవును తోలుకెళ్తూ చెయ్యి ఊపారు. ఒకరు ప్రతిపాదించాలి, ఇంకొకరు బలపరచాలి. శాసనసభలో అన్నేళ్లు కూర్చున్న మనిషి ఆ పద్ధతి తప్పలేరు.

"నువ్వు బలపరచడానికి వీల్లేదు కదా," అన్నారు జెరూషాతో. అందులో కొంచెం బతిమాలినట్టు కూడా ఉంది.

"ఆడదాన్ని, నాకు ఓటెక్కడిది స్క్వైర్ గారూ," అంది ఆమె గిన్నెలు తీస్తూ. "ఉంటే మీకే వేసేదాన్ని. ఇన్నేళ్లుగా నా గురించి మీరు పడ్డంత శ్రమ మావాళ్లెవరూ పడలేదు."

ఆ తీర్మానం వీగిపోయింది. మాంట్‌పీలియర్‌లో తగిన చట్టం తెస్తానని ఆనరబుల్ గారు గోడలకు హామీ ఇచ్చారు. ఒకే ఓటరున్న ఊళ్లో తీర్మానాన్ని ఎవరూ బలపరచనక్కర్లేదు, ఓటరు ప్రతిపాదిస్తే చాలు. బిల్లు గెలిచిన వెంటనే తిరిగొచ్చి, మంచు గట్టిపడేలోగా ప్రత్యేక మీటింగు పెట్టి, ఆమెను కెనడా వైపు కొండలకు వెళ్లే బండి ఎక్కిస్తారు. ఇదంతా ఆయన ఆమె ముందే, బూట్లకు కొవ్వు రాసుకుంటూ చెప్పారు. జెరూషా సరేనని తలూపింది. మేజోళ్ల జత ఇంకొకటి మందంగా అల్లడం మొదలుపెట్టింది. గొర్రెల వేడి ఎంతవరకు వస్తుందో ఆమెకు తెలియదు.

సెప్టెంబరు ఎన్నికలో ఆనరబుల్ గారు ఏకగ్రీవంగా గెలిచారు. ఓటర్లు నూటికి నూరుమంది వచ్చి ఓటేశారని, అటువంటి ప్రజాదరణ రిపబ్లిక్ చరిత్రలోనే అరుదని జిల్లా పత్రిక రాసింది. అక్టోబరులో ఆయన గుర్రమెక్కి వెళ్లారు. సభలో తొలిరోజునే లేచి, తన నియోజకవర్గంలో తనను వ్యతిరేకించే మనిషి ఒక్కరుంటే చూపమని సవాలు విసిరారు. ఎవరూ చూపలేకపోయారు. బిల్లు మీద చర్చ కూడా జరగలేదు. ఒకే ఓటరున్న ఊరంటే సభ్యులందరికీ ముచ్చటేసింది. కొందరు అది ఎలా సాధించారో భోజనాల దగ్గర ఆయన్ను విడిగా అడిగి తెలుసుకున్నారు. బిల్లు గెలిచిందన్న వార్త ఆయన రాకముందే పత్రికలో వచ్చింది. కోర్లీ నుంచి జేబెజ్ వచ్చి, కంచె అవతలే నిలబడి, ఆమెకు చదివి వినిపించాడు. ఈసారి ప్రతి మాటా వినిపించింది. జెరూషా మూట సర్ది గుమ్మం పక్కన పెట్టుకుంది.

ఆ మర్నాడు మధ్యాహ్నం వాకిట్లో బండి చప్పుడైంది. ఇంత త్వరగా వచ్చేశారేమిటని ఆమె తలుపు తీసింది. స్క్వైర్ గారు కాదు. సామానుతో నిండిన బండి, పక్కన ఒక నడివయసు మనిషి, వెనక గడ్డాలు పెరిగిన నలుగురు కొడుకులు. అందరి భుజాల మీదా గొడ్డళ్లున్నాయి. ఆయన టోపీ తీశాడు. పేరు ఏమస్ గిడ్డింగ్స్ అన్నాడు. ఉత్తరాన వెర్మాంట్‌లోనే ఇంకో ఊరు వాళ్లది. స్క్వైర్ విప్పుల్ గారు మాంట్‌పీలియర్‌లో కలిసి, పెల్టన్‌లోని తన గుట్ట మీద మేపుల్ అడవినీ అందులోని దుంగల ఇంటినీ వాళ్లకు కౌలుకిచ్చారట. కలప కొట్టేవాడు, వసంతంలో చెట్లకు గాట్లు పెట్టి చక్కెర వండేవాడు తన ఊళ్లో ఒక్కడూ దొరకడం లేదని ఆయన చాలా బాధపడ్డారట.

"సామాను ఇంకా విప్పలేదమ్మా," అన్నాడు గిడ్డింగ్స్. "ఏ ఊరెళ్లినా ముందు కానిస్టేబుల్ వచ్చి పొమ్మంటాడు కదా. ఆ ముచ్చట తీరాక విప్పుదామని. ఎక్కడుంటాడు ఆయన?"

"మాంట్‌పీలియర్ వెళ్లాడు నాయనా."

"పోనీ, ఊరి గుమాస్తా?"

"ఆయనా వెళ్లాడు."

"ఊరికి పెద్ద అంటూ ఎవరో ఉంటారుగా?"

"అందరూ ఒకే గుర్రం మీద వెళ్లారు," అంది జెరూషా. "లోపలికి రండి, చలిగా ఉంది."

వాళ్లు గొడ్డళ్లు గుమ్మం బయట ఆనించి లోపలికి వచ్చారు. వంటిల్లు ఒక్కసారిగా నిండిపోయింది. పెద్దకొడుకు ఆమె మూటను జాగ్రత్తగా దాటి వెళ్లి, గోడవారగా నిలబడ్డాడు. ఆమె గిన్నెల్లో చిక్కుడు గింజలు వడ్డించింది. మాంసం ముక్కను తిరిగి కుండలో వెయ్యకుండా చిన్నవాడి గిన్నెలో పెట్టింది. వాళ్లు ఆవురావురుమని తింటుంటే కాసేపు చూస్తూ నిలబడింది.

"మీకు ఓట్లున్నాయా?" అని అడిగింది.

"లేకేమమ్మా. నాకూ, మావాళ్లు నలుగురికీ ఉన్నాయి. ఈ స్టేట్‌లో ఎప్పుడో ఓటరు ప్రమాణం చేశాం, ఏ ఊళ్లో కాపురముంటే ఆ ఊళ్లో వేసుకోవచ్చు." గిడ్డింగ్స్ తల ఎత్తాడు. "ఎందుకడిగావమ్మా?"

"ఊరికే. నిన్నటిదాకా ఈ ఊళ్లో ఓటరు ఒక్కరే," అంది జెరూషా. పొయ్యిలో ఇంకో దుంగ వేసి, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. "మెల్లగా తినండి. తిన్నాక సామాను విప్పుకోండి. స్క్వైర్ గారు రాగానే మీటింగు ఇక్కడే, ఈ వంటింట్లోనే."